మడమ నేలకు ఆనని పిల్లలు

"సావనీరుకి కథలూ కవితలూ బోలెడు వచ్చాయి మాస్టారూ, సైన్సు వ్యాసం ఒక్కటీ రాలేదు. మీరు ఏదైనా రాసివ్వాలి" అంటూ మన యూనియన్ మేగజైన్ కార్యదర్శి మొన్న స్టాఫ్ రూములో వచ్చి కూర్చున్నాడు. రాస్తానన్నాను. జంతుశాస్త్రం వాణ్ణి గనుక ఏ సముద్రపు నత్త గురించో, వలస పక్షుల గురించో రాస్తానని అతను అనుకుని ఉంటాడు. కాని నేను రాయబోయేది ఒక కండరం గురించి. నాతో కలిసి చదువుకున్న పాత విద్యార్థులకు ఆ కండరం బాగా గుర్తుండే ఉంటుంది. ప్రాక్టికల్సులో కప్ప వెనక కాలి నుంచి ఒలిచి తీసి, నరంతో సహా స్టాండుకి తగిలించి, కరెంటు తాకించి, మసి పూసిన డ్రమ్ము మీద గీతలు గీయించేవాళ్ళమే, అదే గాస్ట్రాక్నీమియస్. తెలుగులో చెప్పాలంటే పిక్క కండరం.

యు.జి.సి. ఉత్తర్వుల తరువాత 2014 నుంచి ఆ కోతలు ఆగిపోయాయి. మంచిదే అయింది. సరిగ్గా ఆ ఏడాదే మా చెల్లెలికి కొడుకు పుట్టాడు. పాతికేళ్ళు కప్ప పిక్కను పాఠంగా చెప్పిన నాకు, మనిషి పిక్క గురించి ఏమీ తెలియదని వాడి వల్ల తెలిసింది. ఆ తెలియనితనానికి మా ఇంట్లో ఖరీదు చెల్లించాం. ఇతరులు చెల్లించకూడదనే ఈ వ్యాసం.

వాడు ఏడో నెల నిండగానే పుట్టాడు. డాక్టర్ల లెక్కలో 30 వారాలు. కిలోమీద మూడు వందల గ్రాములు. నెలన్నర గాజు పెట్టెలో ఉండి ఇంటికి వచ్చాడు. చూపు బాగుంది, నవ్వు బాగుంది, పలకరిస్తే పలికేవాడు. ఏడాది నిండినా కూర్చోలేదు. "నెల తక్కువ పిల్లలు అన్నీ ఆలస్యంగానే చేస్తార్లే" అనేది మా అమ్మ. రోజూ నువ్వుల నూనె కాచి కాళ్ళకి మర్దనా చేసేది. రెండేళ్ళు వచ్చాక పట్టుకుని నిలబెడితే మునివేళ్ళ మీద నిలిచేవాడు, మడమ నేలకు ఆనేది కాదు. అడుగు వేయిస్తే ఒక కాలు రెండో కాలి ముందుకు అడ్డం వచ్చి కత్తెర పడేది. "చూశారా, డాన్సు మాస్టరులా ఎలా నిలబడుతున్నాడో" అని నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

చివరికి ఒక పిల్లల డాక్టరు గారు చూసి పేరు చెప్పారు: సెరెబ్రల్ పాల్సీ. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కాళ్ళు బిగుసుకుపోయే రకం. మా చెల్లెలు అడిగిన మొదటి ప్రశ్న "కాళ్ళకి వచ్చిన జబ్బుకి మెదడు ఫొటో ఎందుకు తీయించమంటున్నారు అన్నయ్యా?" అని. నిజానికి ఆ ప్రశ్నలోనే విషయమంతా ఉంది.

పేరు వెనక కథ

ఈ స్థితిని మొదట వివరంగా వర్ణించినవాడు లండన్ డాక్టరు విలియం జాన్ లిటిల్. ఆయనకే చిన్నతనంలో పోలియో వచ్చి పాదం వంకర తిరిగింది. జర్మనీలోని హానోవరుకు వెళ్ళి, స్ట్రోమేయర్ అనే సర్జను చేత 1836లో మడమ వెనక స్నాయువు కోయించుకుని పాదం సరిచేయించుకున్నాడు. తిరిగి వచ్చి అదే విద్యను లండనులో ప్రచారం చేశాడు. బిగుసుకున్న కాళ్ళతో ఉన్న పిల్లలను పరిశీలించి, కష్టమైన కాన్పు, నెల తక్కువ పుట్టుక, పుట్టగానే ఊపిరాడకపోవడం ఇందుకు కారణాలని 1861లో లండను ప్రసూతి వైద్యుల సంఘంలో చదివిన వ్యాసంలో చెప్పాడు. చాలాకాలం దీన్ని లిటిల్ వ్యాధి అనే పిలిచారు.

ఆయనతో విభేదించినవాడు ఎవరనుకున్నారు? మన సైకాలజీ డిపార్టుమెంటు వారికి బాగా తెలిసిన సిగ్మండ్ ఫ్రాయిడ్. మనోవిశ్లేషణ జోలికి పోకముందు ఆయన నరాల డాక్టరు. 1897లో పిల్లల పక్షవాతాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. కాన్పు కష్టం కావడం అసలు కారణం కాకపోవచ్చు, కడుపులో ఉండగానే మెదడుకు ఏదో జరిగి, దాని ఫలితంగానే కాన్పు కష్టమై ఉండవచ్చు అన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నెల తక్కువ పుట్టుక, కడుపులో సోకే అంటువ్యాధులు, మెదడు ఎదుగుదలలో లోపాలు, పుట్టినప్పుడు ఊపిరాడకపోవడం, ముదిరిన పచ్చకామెర్లు, పుట్టాక వచ్చే మెదడువాపు, ఇలా దారులు చాలా ఉన్నాయి. తల్లి ఏదో తిన్నందుకో, గ్రహణం నాడు బయటికి వచ్చినందుకో మాత్రం ఇది రాదు. ఆ మాట మా చెల్లెలికి నచ్చజెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

మరి నెల తక్కువ పిల్లల్లో కాళ్ళే ఎందుకు ఎక్కువగా దెబ్బతింటాయి? 24 వారాల నుంచి 32 వారాల మధ్య మెదడు లోపలి ద్రవపు గదుల చుట్టూ ఉండే తెల్లని పదార్థం చాలా సుకుమారంగా ఉంటుంది. రక్తం కాస్త తగ్గినా, ఇన్‌ఫెక్షను తగిలినా అక్కడి కణాలు చచ్చిపోతాయి. మెదడు పైపొర నుంచి వెన్నుపాముకి దిగే తీగల్లో కాళ్ళకు వెళ్ళేవి ఆ గదుల పక్క నుంచే దిగుతాయి. చేతులవి కొంచెం ఎడంగా, ముఖానివి ఇంకా ఎడంగా పోతాయి. అందుకే దెబ్బ చిన్నదైతే కాళ్ళతో ఆగుతుంది, పెద్దదైతే చేతుల దాకా పాకుతుంది. మావాడి చేతులు దాదాపు బాగానే ఉన్నాయి. మెదడు ఫొటోలో మచ్చలు సరిగ్గా ఆ గదుల పక్కనే కనిపించాయి.

ఈ దెబ్బ ఒకసారి తగిలి ఆగిపోతుంది, పెరగదు. కాని పిల్లవాడు పెరుగుతాడు. కష్టమంతా అక్కడే వస్తుంది.

బిగువు అంటే ఏమిటి?

డిగ్రీ ఫస్టియరులో అసంకల్పిత ప్రతీకార చర్య చదువుకున్నారు కదా, ఒక్కసారి గుర్తు చేసుకోండి. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. ప్రతి కండరంలోనూ కదురు ఆకారంలో ఉండే సన్నని పరికరాలు ఉంటాయి. కండరం సాగిందంటే, ముఖ్యంగా వేగంగా సాగిందంటే, అవి వెన్నుపాముకి కబురు పంపుతాయి. వెన్నుపాము వెంటనే "బిగుసుకో" అని ఆజ్ఞ వెనక్కి పంపుతుంది. మనం నిలబడటానికి, తూలకుండా ఉండటానికి ఇది కావలసిన ఏర్పాటే. అయితే పైనుంచి మెదడు ఎప్పుడూ ఒక చెయ్యి వేసి దీన్ని అదుపులో ఉంచుతుంది. పై నుంచి దిగే తీగలు తెగితే ఆ చెయ్యి తొలగిపోతుంది. అప్పుడు వెన్నుపాము ప్రతి చిన్న కబురుకీ గట్టిగా బదులిస్తుంది. అడుగు వేయగానే పిక్క సాగుతుంది, సాగగానే బిగుస్తుంది, మడమ లేచిపోతుంది. తొడ లోపలి కండరాలు బిగిస్తే కాళ్ళు కత్తెర పడతాయి. తొడ వెనకవి బిగిస్తే మోకాళ్ళు వంగిపోతాయి. దీన్నే స్పాస్టిసిటీ అంటారు. 1980లో ఆస్ట్రేలియా నరాల డాక్టరు జేమ్స్ లాన్స్ దీనికి ఇచ్చిన నిర్వచనంలో కీలకమైన మాట వేగం. ఎంత వేగంగా సాగదీస్తే అంత బిగువు.

ఇది పుస్తకంలో చదివితే అర్థం కాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి నా చేతికే వాడి పాదం ఇచ్చింది. "నెమ్మదిగా పైకి వంచండి సార్" అంది. వెన్నలా వచ్చింది. "ఇప్పుడు గబుక్కున వంచండి" అంది. సగం దారిలో ఎవరో అడ్డుపెట్టినట్టు టక్కున ఆగింది. ఆ ఆగిన చోటే స్పాస్టిసిటీ. నెమ్మదిగా వంచినా కూడా రాకుండా ఆగిపోతే అది వేరు, కండరమే పొట్టిదైపోయిందన్నమాట. దాన్ని కాంట్రాక్చర్ అంటారు. మొదటిది నిద్రలో బాగా తగ్గుతుంది, మత్తిస్తే పోతుంది. రెండోది ఎప్పుడూ అలాగే ఉంటుంది. మొదటిదానికి మందులున్నాయి. రెండోదానికి మందు పనిచేయదు, పిండికట్లో ఆపరేషనో కావాలి. ఈ రెంటికీ తేడా తెలియకపోతే వైద్యమంతా తారుమారవుతుంది.

ఆ అమ్మాయి ఇంకో పరీక్ష చూపించింది. మోకాలు చాపి ఉంచితే పాదం పైకి రాలేదు. మోకాలు వంచగానే హాయిగా వచ్చింది. ఎందుకో చెప్పగలరా అంది. ఇన్నేళ్ళూ పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి నోరు తెరిచి నిలబడ్డాను. తీరా చూస్తే సమాధానం నా పాఠంలోదే. గాస్ట్రాక్నీమియస్ మోకాలికి పైన, తొడ ఎముక మీద మొదలై మడమ దాకా వస్తుంది. రెండు కీళ్ళను దాటుతుంది. మోకాలు వంచితే అది వదులవుతుంది. దాని కిందనే ఉన్న సోలియస్ కండరం మోకాలిని దాటదు. కనుక మోకాలు వంచగానే పాదం వచ్చిందంటే తప్పు గాస్ట్రాక్నీమియస్‌ది మాత్రమే, సోలియస్ మంచిదే అని అర్థం. ఎక్కడ సూది వేయాలో, ఎక్కడ కత్తి పెట్టకూడదో ఈ చిన్న పరీక్ష చెబుతుంది.

ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. ఒకటి, బిగుసుకున్న కండరం బలమైన కండరం కాదు. చూడడానికి రాయిలా ఉంటుంది గాని లోపల బలహీనం. బిగువు తీసేసినంత మాత్రాన బలం రాదు. రెండు, పిల్లల ఎముక పెరుగుతుంటే కండరం కూడా సాగుతూ, పరుగులాడుతూ దానితోపాటు పెరగాలి. పరుగులేని కండరం వెనకబడుతుంది. అందుకే మూడేళ్ళప్పుడు ఉత్త బిగువుగా ఉన్నది పదేళ్ళకు కాంట్రాక్చర్ అవుతుంది.

మేం చేసిన తప్పు

2017 వేసవిలో, వాడికి మూడేళ్ళు వచ్చేసరికి, మా చేతికి ఒక రంగురంగుల కరపత్రం వచ్చింది. మూలకణాలు ఎక్కిస్తే చచ్చిన మెదడు కణాలు మళ్ళీ పుడతాయనీ, ఆరు నెలల్లో నడుస్తాడనీ దాని సారాంశం. బావగారికి అనుమానంగానే ఉంది. "మీరు సైన్సు మాస్టారు, మీరెలా అంటే అలా చేద్దాం" అన్నారు. నేను ఆ కరపత్రంలో ఉన్న కణాల బొమ్మ చూశాను. బొమ్మ సరిగ్గానే ఉంది. "శాస్త్రం ప్రకారం కుదిరేదే, చేయిద్దాం" అన్నాను. చెల్లెలి గాజులు, బావగారి పి.ఎఫ్. లోను అందులోకి పోయాయి. వెన్నులో సూదులు వేశారు. ఆ "చికిత్స" జరుగుతున్నన్నాళ్ళూ ఫిజియోథెరపీకి తీసుకుపోవడం మానేశాం. ఎలాగూ నడుస్తాడు కదా అని. ఏడాది గడిచింది. ఏమీ రాలేదు.

అదే ఏడాది భారత వైద్య పరిశోధనా మండలి విడుదల చేసిన మార్గదర్శక సూత్రాల్లో, అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప ఇలాంటి జబ్బులకు మూలకణాలు ఎక్కించడం తగదని స్పష్టంగా ఉంది. నేను వెతకలేదు. సైన్సు చెప్పేవాడు బొమ్మ సరిగ్గా ఉందా అని చూడకూడదు, రుజువు ఉందా అని అడగాలి. నా విద్యార్థులకు వంద సార్లు చెప్పిన ఆ మాటను నా మేనల్లుడి విషయంలో నేనే మరిచాను.

డబ్బు పోతే పోయింది. పోయిన కాలం మాటేమిటి? కెనడాలో పెద్ద సంఖ్యలో ఇలాంటి పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2002లో గీసిన రేఖాచిత్రాలు ఉన్నాయి. వాటి ప్రకారం, ఈ పిల్లలు కదలికల్లో తాము అందుకోగలిగిన దానిలో 90 శాతం ఐదేళ్ళ లోపలే అందుకుంటారు. తీవ్రత ఎక్కువ ఉన్నవారైతే ఇంకా ముందే. అంటే మేం పోగొట్టింది అన్నిటికంటె విలువైన ఏడాది.

ఇప్పుడున్న వైద్యం

ముందుగా తేల్చుకోవలసింది, పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడన్నది. 1997లో పాలిసానో అనే ఆయన, ఆయన సహచరులు చేసిన 5 స్థాయిల వర్గీకరణను ఇప్పుడు అంతటా వాడుతున్నారు. మొదటి స్థాయి వారు పరుగెత్తగలరు. మూడో స్థాయి వారు చేతికర్రలో, వాకరో పట్టుకుని నడుస్తారు. ఐదో స్థాయి వారికి తల నిలపడమే కష్టం. మావాడు మూడు. స్థాయి తెలిస్తే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో తెలుస్తుంది, పక్కవాళ్ళ పిల్లవాడికి చేసిందే మనవాడికీ చేయించాలన్న పరుగు ఆగుతుంది.

అన్నిటికీ పునాది అభ్యాసం. మంచం మీద పడుకోబెట్టి ఎవరో కాళ్ళు సాగదీసినంత మాత్రాన పెద్ద ఫలితం ఉండదని ఇప్పుడు తేలింది. పిల్లవాడు తనంతట తాను ఒక పనికోసం కదలాలి. బంతి అందుకోవాలి, గట్టు ఎక్కాలి, కుర్చీలోంచి లేవాలి. మా అమ్మ నూనె మర్దనాలో తప్పేం లేదు, వాడికి హాయిగా ఉండేది. కాని నడక దానివల్ల రాదు. దీనికి తోడు పాదం నిటారుగా నిలిపే ప్లాస్టిక్ స్ప్లింటు. కాలు కొలత తీసి చేస్తారు, పిల్లవాడు పెరిగేకొద్దీ మార్చాలి. పాదం రాకుండా ఆగిపోతుంటే వారం వారం కాస్త కాస్త వంచుతూ మార్చే పిండికట్లు కూడా వేస్తారు.

మాత్రల్లో ముఖ్యమైనది బాక్లోఫెన్. మొదట మూర్ఛకు మందుగా తయారుచేశారు, అందుకు పనికిరాలేదు గాని వెన్నుపాములో ప్రతీకార చర్యను తగ్గిస్తుందని తేలింది. ఒళ్ళంతా బిగువు ఉన్నవారికి ఉపయోగం. నిద్రమత్తు తెస్తుంది. ఒక హెచ్చరిక: దీన్ని హఠాత్తుగా ఆపకూడదు, ఫిట్సు రావచ్చు. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. ఇదే మందును పొట్టలో అమర్చిన చిన్న పంపుతో నేరుగా వెన్నుద్రవంలోకి పంపే పద్ధతి 1980ల్లో వచ్చింది. తీవ్రంగా ఉన్నవారికి మంచిదే గాని చాలా ఖరీదు.

ఒకటి రెండు కండరాలే బాధిస్తుంటే బొటులినం ఇంజెక్షను. దీని కథ విచిత్రమైనది. పాడైన సాసేజి మాంసం తిని మనుషులు చచ్చిపోతుంటే జర్మన్ డాక్టరు, కవి అయిన యుస్టినస్ కెర్నర్ 1820ల్లో ఆ విషం గురించి రాశాడు. దాన్ని పుట్టించే బాక్టీరియాను బెల్జియంలో వాన్ ఎర్మెంజెం 1895లో పట్టుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు ఆలన్ స్కాట్ దాన్ని అతి కొద్ది మోతాదులో మెల్లకన్నుకు వాడి 1980లో ఫలితాలు ప్రకటించాడు. మెదడు పక్షవాతం పిల్లల కాళ్ళకు వాడిన తొలి ఫలితాలు 1993లో అమెరికా నుంచి కోమన్ బృందం ప్రచురించింది. నరం చివర అసిటైల్ కోలిన్ విడుదల కాకుండా ఇది అడ్డుకుంటుంది. డ్రమ్ము మీద గీత ఎందుకు లేచేదో గుర్తుందా? అదే అసిటైల్ కోలిన్. వారంలోపు వదులు మొదలవుతుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది, మళ్ళీ బిగువు వస్తుంది. కనుక ఇది జబ్బుకు మందు కాదు, అభ్యాసానికి దొరికే మూడు నెలల గడువు. ఆ గడువులో అభ్యాసం చేయించకపోతే ఇంజెక్షను డబ్బు నీళ్ళపాలే. విషం చుట్టుపక్కలకు పాకి మింగడానికి, ఊపిరికి ఇబ్బంది కలిగే ప్రమాదం అరుదుగా ఉంది. మాటిమాటికీ వేస్తే కండరం క్షీణిస్తుందన్న ఆందోళన కూడా ఇప్పుడు ఉంది. అందుచేత అనుభవం ఉన్నవారి చేతనే, అవసరం తూచి వేయించాలి.

ఇక వెన్నులోని నరాల ఆపరేషను. కండరం నుంచి వెన్నుపాముకి కబురు మోసుకుపోయే నరాల పాయల్లో, కరెంటుతో పరీక్షించి, అతిగా స్పందించేవాటిని మాత్రం కోసేస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో ఫోర్‌స్టర్ మొదలుపెట్టిన ఆలోచన. 1970ల్లో ఇటలీలో ఫసానో, 1980ల్లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో పీకాక్ దాన్ని నేటి రూపానికి తెచ్చారు. బిగువు శాశ్వతంగా తగ్గుతుంది. కాని నెల తక్కువ పుట్టి, కాళ్ళు మాత్రమే బిగిసి, లోపల బలం ఉన్న కొద్దిమంది పిల్లలకే అది తగును. కోసినది మళ్ళీ అతకదు సుమా.

చివరగా ఎముకల డాక్టర్ల ఆపరేషన్లు. మావాడికి మూడున్నరేళ్ళప్పుడే ఒకరు "మడమ నరం కోసి పొడవు చేస్తే రేపటికల్లా మడమ ఆనుతుంది" అన్నారు. నిజమే, ఆనుతుంది. కాని ఆ స్నాయువు గాస్ట్రాక్నీమియస్‌కీ, సోలియస్‌కీ ఉమ్మడిది. నడిచేటప్పుడు మోకాలు ముందుకు కుంగకుండా ఆపేది సోలియస్. మంచిగా ఉన్న సోలియస్‌ను కూడా పొడుగు చేసేస్తే, కొన్నేళ్ళకు పిల్లవాడు మోకాళ్ళు వంచి కుంగి నడవడం మొదలెడతాడు. మునివేళ్ళ నడక కంటె అది కష్టం, దాన్ని సరిచేయడం ఇంకా కష్టం. ఫిజియోథెరపీ అమ్మాయి చూపించిన ఆ పరీక్ష గుర్తుండటం వల్ల ఈసారి నేను తొందరపడలేదు. ఒకప్పుడు ఏటా ఒక ఆపరేషను చేసేవారు, పుట్టినరోజులన్నీ ఆస్పత్రిలోనే జరిగేవి. ఇప్పుడు కాస్త పెద్దయ్యాక, నడకను కొలిచి చూసి, అవసరమైన చోట్లన్నిటా ఒకేసారి చేయడం మంచిదంటున్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. తొడ లోపలి కండరాల లాగుడికి తుంటి కీలు మెల్లమెల్లగా జారిపోతుంది. ఈ పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతు మందికి ఇది జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. స్వీడనులో 1994 నుంచి ప్రతి పిల్లవాడికీ క్రమం తప్పకుండా తుంటి ఎక్స్‌రేలు తీసి, ముందే పట్టుకుని, కీలు పూర్తిగా ఊడిపోవడాన్ని దాదాపు లేకుండా చేశారు. దీనికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు. ఏ తాలూకా ఊళ్ళోనైనా దొరికే ఎక్స్‌రే చాలు. అడిగేవాళ్ళు కావాలి.

ఇప్పుడు మావాడు

2018లో నాలుగేళ్ళు నిండాక వాడికి రెండు పిక్కల్లోనూ బొటులినం వేయించాం. అయిదో రోజుకి మడమ ఆనింది. మా చెల్లెలు ఏడ్చింది. డాక్టరు గారు మాత్రం "ఏడవకండమ్మా, పని ఇప్పుడు మొదలైంది. మూడు నెలల తరువాత ఏం చేయగలగాలో ఒక్కటి చెప్పండి" అని అడిగారు. నడవాలి అందామని మేం నోరు తెరిచేలోగా వాడే చెప్పాడు: "నేనొక్కణ్ణే దొడ్డికి వెళ్ళాలి." అంతవరకు వాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకుని తీసుకెళ్ళి పట్టుకునేవాళ్ళం. వాడికి అది సిగ్గని మాకెవరికీ తట్టలేదు. ఆ మూడు నెలలూ కుర్చీలోంచి లేవడం, గోడకు కొట్టించిన కమ్మీ పట్టుకోవడం, వాకరుతో పన్నెండు అడుగులు వేయడం, ఇవే అభ్యాసాలు. పదకొండో వారంలో లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బయట మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. "ఎవరూ నిలబడక్కర్లేదు, వెళ్ళండి" అని లోపలి నుంచి కేక వేశాడు.

ఇప్పుడు ఆరో తరగతి. వాకరుతో బడికి వెళ్తాడు, దూరమైతే చక్రాల కుర్చీ. పిక్కలు మళ్ళీ కొంత బిగిశాయి, మరో రెండేళ్ళలో ఆపరేషను ఆలోచన ఉంది. వాడు మామూలుగా నడవడు. ఆ మాట వాడికీ తెలుసు. "మావయ్యా, మెదడులో కాళ్ళ తీగలే ఎందుకు పాడయ్యాయి?" అని ఈమధ్య అడిగితే బొమ్మ గీసి చెప్పాను. "ఓహో, చేతులవి ఎడంగా ఉన్నాయి కాబట్టి నేను క్యారమ్స్ ఆడుతున్నానన్నమాట" అన్నాడు.

మనం చేయగలిగింది

ఇలాంటి పిల్లలు మీ ఊళ్ళో, మీ వీధిలో ఉంటారు. వెయ్యి మంది పుడితే వారిలో ఇద్దరు ముగ్గురికి ఈ స్థితి ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఈ పిల్లలకోసం కూడా చేసిందే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 స్థితుల్లో సెరెబ్రల్ పాల్సీ పేరు విడిగానే ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఏడాది దాటినా కూర్చోని పిల్లవాణ్ణి, మునివేళ్ళ మీదే నిలబడే పిల్లను చూస్తే "ఆలస్యంగా నడుస్తాడులే" అనకండి. డాక్టరుకి చూపించమనండి. కరపత్రాలు పట్టుకుని ఎవరైనా వస్తే, రుజువు ఏదని అడగండి.

ఇక చివరిమాట మన కాలేజి గురించి. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి. సీటు ఇస్తే చాలదు, లోపలికి రానివ్వాలి కదా! మన లైబ్రరీ ముందు 4 మెట్లున్నాయి, ఒక్కొక్కటి ఆరంగుళాలు. మొత్తం రెండడుగుల ఎత్తు. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు చొప్పున లెక్క వేస్తే 24 అడుగుల వాలుదారి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. అంతే. ఏటా వార్షికోత్సవం షామియానాకి మన యూనియను పెట్టే ఖర్చు నాకు తెలుసు. ప్రిన్సిపాలు గారితో నేను మాట్లాడాను, అర్జీ రాసి కూడా ఉంచాను. దాని మీద విద్యార్థుల సంతకాలు కావాలి. జంతుశాస్త్రం స్టాఫ్ రూములో కుడివైపు రెండో బల్ల నాది, అర్జీ ఆ బల్ల మీదే ఉంటుంది.

మా మేనల్లుడు ఇంకో ఏడేళ్ళకు డిగ్రీలో చేరాలి. వాడు ఎక్కడ చేరతాడో నేను చెప్పలేను, లెక్కలంటే ఇష్టం. వాడు రాకపోయినా మరొకరు వస్తారు. ఈలోగా ఆ వాలుదారి అయిపోవాలని నా కోరిక.